ఆయిల్ మూత కింద తెల్ల మీగడ: పాత బండి ఇంజిన్‌లో నీళ్లు చేరితే ఏం చేయాలి

శ్రావణంలో ఒక పొద్దున హన్మకొండలో మా ఇంటి ముందు నాయన స్ప్లెండర్‌ను డబుల్ స్టాండ్ వేసి ఆయిల్ మూత విప్పాను. ఆయిల్ చూసి చాలా రోజులైంది. మూత మరలకు, దాని కింద ఉండే కొలత పుల్ల పైభాగానికి, చల్లారిన చాయ మీద కట్టిన మీగడ లాంటిది పట్టి ఉంది. లేత గోధుమ రంగు. వేలితో తీస్తే సబ్బు నురగలా మెత్తగా వచ్చింది, రెండు వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు, తడి రెండూ తగిలాయి.

టెన్షన్‌తో దగ్గర్లోని షెడ్డుకు తోసుకుపోయాను. అక్కడాయన మూత చూసి ఒక్క మాట అన్నాడు: "హెడ్డు ప్యాకింగ్ పోయింది తమ్మీ, ఇంజిన్ దించాలె." నాకు అప్పుడు తెలియదు, సరే అన్నాను. ఇంజిన్ దించారు, బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్) విప్పారు, ప్యాకింగులన్నీ మార్చారు, కొత్త ఆయిల్ పోశారు. నెల తిరక్కముందే మూత కింద మళ్లీ అదే మీగడ.

హెడ్డు ప్యాకింగ్ అంటే బోర్‌కూ దాని పైనుండే హెడ్డుకూ మధ్య వేసే గ్యాస్కెట్. అది పోతే ఆయిల్‌లో నీళ్లు కలవడం కార్లలో నిజమే, ఎందుకంటే కారు ఇంజిన్ చుట్టూ కూలెంట్ నీళ్లు తిరుగుతుంటాయి. స్ప్లెండర్, సీడీ 100, ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ అన్నీ గాలికి చల్లబడే ఇంజిన్లు. రేడియేటర్ లేదు, కూలెంట్ లేదు. ప్యాకింగ్ ఎంత పాడైనా అక్కడి నుంచి ఆయిల్‌లోకి రావడానికి అసలు నీళ్లే లేవు. ఆ ఒక్క సంగతి తెలిసి ఉంటే నాయన ముప్పై ఏళ్లు జాగ్రత్తగా వాడిన ఇంజిన్‌ను నేను విప్పించేవాణ్ని కాదు. అందుకే ఇది రాస్తున్నాను. మీగడ కనిపిస్తే పానా పట్టుకునే ముందు ఆ నీళ్లు ఎక్కడివో కనిపెట్టండి. పని దాన్ని బట్టి మారుతుంది.

నీళ్లు ఎటు నుంచి వస్తాయి

మొదటి రకం నీళ్లు ఇంజిన్‌లోనే పుడతాయి. పెట్రోల్ కాలితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా తయారవుతుంది. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు. వినగానే నమ్మబుద్ధి కాదు. చలికాలం పొద్దున బండి స్టార్ట్ చేసి సైలెన్సర్ మూతి దగ్గర చూడండి, చుక్కలు కారేది ఆ నీళ్లే. చాలా వరకు ఆవిరి ఆ దారినే బయటికి పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల పక్క నుంచి కింద ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. రింగులు కొత్తవైనా కాస్త దిగుతుంది, అరిగిన రింగులైతే ఎక్కువ దిగుతుంది.

చాంబర్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బ్రీదర్ పైపు గుండా వెళ్లిపోతుంది. వేడెక్కకపోతే, అన్నం గిన్నె మూత లోపల నీళ్లు పట్టినట్టు లోపలి గోడలకు చెమ్మ పడుతుంది. గేర్లు, క్లచ్ దాన్ని ఆయిల్‌తో కలిపి మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. ఆ చిలికినదే మీరు చూసే మీగడ. మూత ఇంజిన్‌లో చల్లగా ఉండే చోటుల్లో ఒకటి కాబట్టి ముందు అక్కడే కనిపిస్తుంది.

నా బండి సంగతి ఇదే. పొద్దున కూరగాయలకు, సాయంత్రం చౌరస్తాకు, ఒక్కోసారి తిరిగేది రెండు మూడు కిలోమీటర్లు. హెడ్డు నాలుగైదు నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది కానీ, కింద ఉన్న ఆయిల్ సరిగ్గా వేడెక్కడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోపే నేను బండి ఆపేసేవాణ్ని. నాయన రోజూ ఊరికి పోయి వచ్చేవాడు కాబట్టి ఆయన కాలంలో ఈ మీగడ లేదు.

రెండో రకం బయటి నుంచి వస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు నేరుగా ఇంజిన్ మీద కొడతారు. ఆయిల్ మూత కింద రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయి ఉన్నా, హెడ్డు మీది ట్యాపెట్ మూతల రింగులు గట్టిపడినా, బ్రీదర్ పైపు ఊడి ఉన్నా నీళ్లు లోపలికి పోతాయి. చెరువు మత్తడి దుంకి రోడ్డు మీద పారుతుంటే మోకాలి లోతులో బండి తోలినా అంతే. కాలుతున్న ఇంజిన్ మీద ఒక్కసారిగా చల్లనీళ్లు పడితే లోపలి గాలి ముడుచుకుని, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నీళ్లను పీల్చుకుంటుంది.

మూడోది వరద. దాని గురించి విడిగా చెబుతాను, ఎందుకంటే అక్కడ పద్ధతి పూర్తిగా వేరు.

ముందు చూడండి

పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు చూడాలి. రాత్రంతా నిలబడితే ఆయిల్ కిందికి దిగి ఉంటుంది, అప్పుడు కనిపించేదే నిజం. సమతలం మీద డబుల్ స్టాండ్ వేయండి. మూత చుట్టూ ఉన్న మట్టిని గుడ్డతో తుడిచాకే విప్పండి, లేకపోతే ఇసుక లోపల పడుతుంది. పుల్లను తెల్లటి పాత బనీను గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. స్ప్లెండర్ లాంటి హీరో హోండా బండ్లలో మూత బిగించకుండా ఊరికే ఆనించి తీసి లెవెల్ చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు పుల్ల కింది చివర, ఆయిల్‌లో మునిగిన భాగం చూడండి. అక్కడ ఆయిల్ మామూలుగా నల్లగానో ముదురు గోధుమగానో ఉండి, మీగడ పైన మరల దగ్గర మాత్రమే ఉంటే అది ఆవిరి చెమ్మ. భయపడాల్సిన పని లేదు. కింది చివర కూడా పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే ఆయిల్ మొత్తం నీళ్లతో కలిసిపోయింది, బండి నడపకండి. లెవెల్ పై గీత దాటి పెరిగిందా? మీరు పోయకుండా ఆయిల్ పెరగదు. ఏదో కలిసింది.

ఆ కలిసింది పెట్రోల్ కూడా కావచ్చు. కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ అరిగితే, పెట్రోల్ కాక్ బంద్ చేయడం మరిచిపోతే, రాత్రంతా పెట్రోల్ బోర్‌లోకి కారి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు మీగడ ఉండదు, ఆయిల్ నీళ్లలా పల్చబడుతుంది, మూత తీయగానే పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. ఆ పరిస్థితిలో కార్బొరేటర్ బాగు చేయించి, ఆయిల్ మార్చాలి. కింద చెప్పే పెనం పరీక్ష మాత్రం చేయకండి, మంట అంటుకుంటుంది.

అనుమానం తీరకపోతే రెండు పరీక్షలు

పెట్రోల్ వాసన లేదని గట్టిగా తెలిశాక, ఆరుబయట పాత ఇనుప పెనం ఒకటి వేడి చేయండి. నీటి చుక్క వేస్తే వెంటనే చిటపటమని ఎగిరిపోయేంత వేడెక్కాక పొయ్యి ఆర్పేయండి. పెనం బాగా ఆరాక, పుల్ల చివరి నుంచి ఒక్క చుక్క ఆయిల్ దాని మీద వేయండి. ముఖం దూరంగా పెట్టండి. శుభ్రమైన ఆయిల్ ఊరికే పల్చగా పాకి కొంచెం పొగ వస్తుంది. నీళ్లున్న ఆయిల్ పోపులో తడి కరివేపాకు వేసినట్టు చిటచిటలాడుతుంది, బుడగలు లేస్తాయి. పొయ్యి మండుతుండగా మాత్రం ఆయిల్ వేయొద్దు.

రెండోది ఇంకా తేలిక. తీసిన ఆయిల్‌ను ఖాళీ వాటర్ బాటిల్‌లో పోసి, మూత పెట్టి, ఒక రోజు కదపకుండా ఉంచండి. విడి నీళ్లుంటే బాటిల్ అడుగున వేరే పొరగా నిలుస్తాయి. ఒక తేడా గుర్తుంచుకోండి: ఆయిల్‌లో బాగా చిలికి కలిసిపోయిన నీళ్లు అంత తేలిగ్గా విడిపోవు. అడుగున పొర లేకపోయినా ఆయిల్ రంగు కాఫీలా మసకగానే ఉంటే నీళ్లు ఉన్నట్టే లెక్క.

మీగడ మూతకే ఉంటే

ఇంజిన్ విప్పే పని లేదు. మూతను, పుల్లను శుభ్రంగా తుడిచి, ఓ-రింగ్ చూడండి. గోటితో నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి. ప్లాస్టిక్‌లా గట్టిగా ఉన్నా, పగుళ్లు కనిపించినా మార్చేయండి, చాలా చిన్న ఖర్చు.

తర్వాత బండిని ఆగకుండా అరగంట, ముప్పావు గంట తోలండి. హన్మకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుని ఆత్మకూరు దాకానో, పర్కాల వైపో పోయి రండి. టాప్ గేర్‌లో, ఎక్కువ రేజ్ చేయకుండా, నిలకడగా నడపాలి. ఆయిల్ బాగా కాగితే అందులోని చెమ్మ ఆవిరై బ్రీదర్ దారిన పోతుంది. ఇంటికొచ్చాక బండి చల్లారే దాకా ఆగి మూత తీయండి. మీగడ లేదంటే సమస్య తీరినట్టే. కాస్త ఉంటే మళ్లీ తుడిచి ఇంకో రోజు తోలండి. రెండు మూడు సార్లు పోయొచ్చినా తగ్గకపోతే తప్పు బ్రీదర్‌లో ఉంటుంది, లేదా నీళ్లు బయటి నుంచి వస్తున్నాయి.

చాలామంది చేసే పని ఒకటి ఉంది, దాన్ని మానుకోమని బతిమాలుతున్నాను. బండి వాడని రోజుల్లో పొద్దున్నే ఛోక్ వేసి, రెండు నిమిషాలు గుర్రుమనిపించి ఆపేస్తారు, ఇంజిన్ పాడు కాకుండా ఉంటుందని. నిలబెట్టి తిప్పితే ఆయిల్ వేడెక్కదు, పెట్రోల్ మాత్రం కాలుతుంది, అంటే నీళ్లు పుడతాయి. రోజూ ఇలా చేస్తే రోజూ చాంబర్‌లో చెమ్మ పోసినట్టే. వారం పాటు బండి కదపకపోయినా ఫర్వాలేదు. తీసినప్పుడు మాత్రం అరగంట తోలండి.

బ్రీదర్ పైపు

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకైతే సగం జవాబు ఇక్కడే దొరికింది. చాంబర్‌లోని గాలి, ఆవిరి బయటికి పోవడానికి ఉన్న రబ్బరు పైపు ఇది. పాత మోడళ్లలో నేరుగా కిందికి వేలాడుతుంది, కొన్నింట్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు పోతుంది. పైపు మూసుకుపోతే మీరు భద్రాచలం దాకా పోయొచ్చినా ఆవిరి లోపలే ఉంటుంది. పైగా లోపల ఒత్తిడి పెరిగి ప్యాకింగుల దగ్గర ఆయిల్ కారడం మొదలవుతుంది.

నా బండి పైపు తీసి చూస్తే చివర కుమ్మరి పురుగు గూడు కట్టింది. ఎండిన మట్టి బిరడా వేసినట్టు బిగుసుకుంది. ఎన్నాళ్ల నుంచి ఉందో. పుల్లతో పొడిస్తే మట్టి పెళ్లలుగా రాలింది, దాని వెనక పైపు నిండా గట్టిపడిన తెల్ల మీగడ.

పైపును రెండు వైపులా విప్పి, నోటితో ఊది చూడండి. గాలి ఆటంకం లేకుండా పోవాలి. కిరోసిన్ లేదా పెట్రోల్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టండి. రబ్బరు ఎక్కడైనా నొక్కుకుపోయి, పగిలి ఉంటే అదే లావు కొత్త పైపు వేయండి. తిరిగి పెట్టేటప్పుడు వంపు దగ్గర మడత పడకుండా చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు పోయే రకమైతే, డబ్బా అడుగున చిన్న ట్యూబు, దానికి బిరడా ఉండొచ్చు. అందులో నీళ్లు, ఆయిల్ కలిసిన మడ్డి పేరుకుంటుంది. బిరడా తీసి కార్చేయండి. వానాకాలంలో ఇది నెలకోసారి చేయాలి.

ఆయిల్ మొత్తం తెల్లబడితే

ఆ ఆయిల్‌తో "ఒక్క రోజే కదా" అని నడపకండి. నీళ్లు కలిసిన ఆయిల్ ఇనుముకు ఇనుముకు మధ్య పొరగా నిలవలేదు. కాలిన పెట్రోల్‌లోని మడ్డితో కలిసి ఆ నీళ్లు ఆమ్లంగా మారి బేరింగులను తింటాయి. ముందు దెబ్బ తినేది హెడ్డులో పైన తిరిగే క్యామ్, రాకర్లు, ఎందుకంటే ఆయిల్ చివరగా చేరేది అక్కడికే.

ఆయిల్ దించే పద్ధతి నీళ్ల రకాన్ని బట్టి ఉంటుంది. బయటి నుంచి విడి నీళ్లు పోయాయని అనుమానముంటే స్టార్ట్ చేయకుండా, రాత్రంతా నిలబెట్టి, పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఇంజిన్ అడుగున ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు విప్పండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి. బోల్టును మెల్లగా వదులు చేస్తే మొదట సన్నటి నీటి ధార, తర్వాత ఆయిల్ రావడం కళ్లారా కనిపిస్తుంది. ఆయిల్‌లో చిలికిపోయిన చెమ్మ మాత్రమే అయితే రెండు మూడు నిమిషాలు తిప్పి, గోరువెచ్చగా అయ్యాక దించండి, అప్పుడు మడ్డి కూడా కదిలి వస్తుంది.

స్ప్లెండర్‌కు డ్రెయిన్ బోల్టు 17 పానాకు వస్తుంది. కింద వెడల్పాటి గిన్నె పెట్టి, మూత కూడా తీసి ఉంచితే ఆయిల్ వేగంగా దిగుతుంది. బండిని అటూ ఇటూ కొంచెం వంచి, పదిహేను నిమిషాలు కారనివ్వండి. బోల్టుకు అంటుకున్న ఇనుప పొడి చూడండి: మెత్తటి బూడిద లాంటిది మామూలే, మెరిసే తునకలుంటే లోపల ఏదో అరుగుతోంది, అప్పుడు మంచి మెకానిక్‌కు చూపించాలి. వాషర్ కొత్తది వేయండి. బోల్టును ముందు చేత్తో తిప్పి ఎక్కించి, తర్వాత పానాతో బిగించండి. చాంబర్ అల్యూమినియంది. పానా చివర పట్టుకుని బలమంతా పెడితే మరలు తెగిపోతాయి, ఆ తర్వాత చేసేదంతా రిపేరు మీద రిపేరే.

ఇప్పుడు కడగడం. చాలా షెడ్డుల్లో డీజిల్ పోసి ఇంజిన్ తిప్పేస్తారు. ఒప్పుకోకండి. డీజిల్ పల్చన, బేరింగుల మీద ఉన్న కాస్త ఆయిల్ పొరను కూడా కడిగేస్తుంది, మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. దానికి బదులు మీ బండి పుస్తకంలో రాసిన గ్రేడే, తక్కువ ధరలో దొరికే బైక్ ఆయిల్ పోసి, ఐదారు కిలోమీటర్లు నెమ్మదిగా తోలి దించేయండి. తెల్లగా వస్తే ఇంకోసారి. రంగు మారకుండా వచ్చాక అసలు ఆయిల్ పోయండి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (JASO MA, MA2) అని ఉండాలి, ఎందుకంటే ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. 100 సిసి బండ్లకు లీటరు లోపే పడుతుంది కాబట్టి డబ్బా మొత్తం ఒంపేయకుండా పుల్ల చూస్తూ పోయండి.

ఇంకొక మాట, ముఖ్యమైనది. స్ప్లెండర్, సీడీ 100 లాంటి వాటిలో కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు. కుడి వైపు క్లచ్ కవర్ లోపల ఒక సన్నటి జాలీ, క్రాంక్‌తో పాటు గిర్రున తిరిగే గుండ్రటి డబ్బా ఉంటాయి. ఆ డబ్బా తిరిగే వేగానికి బరువైన మడ్డి, నీళ్లు అంచులకు విసిరి పడి అక్కడే పేరుకుంటాయి. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా అవి బయటికి రావు. ఆయిల్ పూర్తిగా తెల్లబడిన బండికి క్లచ్ కవర్ తీయించి జాలీ, ఆ డబ్బా రెండూ కడిగించాలి. "అన్నా, కవర్ విప్పి జాలీ కడుగు, లోపలి ఫిల్టర్ డబ్బా మూత కూడా తీసి తుడువు, ప్యాకింగ్ కొత్తది వెయ్" అని విడమరిచి చెప్పి, పక్కనే నిలబడి చూడండి. నా దాంట్లో డబ్బా గోడలకు నల్లటి ముద్ద దళసరిగా పట్టి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే తారులా వచ్చింది.

వరదలో మునిగిన బండి

2023 జులై ఆఖరి వారం మన దగ్గర ఎవరికీ మరచిపోయేది కాదు. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరు మొత్తం వాగులో మునిగింది. వరంగల్, హన్మకొండలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మా బావమరిది బండి సీటు దాకా నీళ్లలో రాత్రంతా నిలబడింది. నీళ్లు తీయగానే కిక్ కొట్టాడు, సగంలో ఆగిపోయింది. సెకండ్ గేర్ వేసి ఇద్దరితో తోయించాడు. ఠక్కుమని చప్పుడు వచ్చి చక్రం బిగుసుకుంది. బోర్‌లో నీళ్లున్నాయి. గాలి అణిగినట్టు నీళ్లు అణగవు కాబట్టి పిస్టన్ పైకి పోలేక కనెక్టింగ్ రాడ్ వంగింది. కిక్ కొట్టకుండా ఉంటే ఆయిల్ ఖర్చుతో పోయేది.

అందుకే మునిగిన బండికి తాళం చెవి పెట్టొద్దు, కిక్ కొట్టొద్దు, తోయొద్దు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే ఫొటోలు తీసి ముందు కంపెనీకి చెప్పండి. తర్వాత ఈ వరసలో చేయండి.

బ్యాటరీ వైర్లు విప్పండి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి: తడిగా, బురదగా ఉంటే నీళ్లు బోర్ దాకా పోయి ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్ తీసేయండి. కార్బొరేటర్ గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి ఉన్నదంతా కార్చండి. ట్యాంక్ మూత దాకా మునిగితే పెట్రోల్ కూడా పూర్తిగా దించేయాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది నీళ్లను లాక్కుని ట్యాంకు అడుగున చేరుతుంది, పైపైన చూస్తే తెలియదు.

తర్వాత చల్లగా ఉన్న ఆయిల్‌ను దించండి. ప్లగ్ లేకుండానే, న్యూట్రల్‌లో, కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. ప్లగ్ రంధ్రం నుంచి నీళ్లు చిమ్ముతాయి, ఎదురుగా నిలబడకండి. నీళ్లు ఆగేదాకా నొక్కి, ఆ రంధ్రంలో ఒకటి రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ నాలుగైదు సార్లు తిప్పండి, బోర్ తుప్పు పట్టకుండా ఆపుతుంది. ఇది మునిగిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి. ఆలస్యమైతే రింగులు బోర్‌కు పట్టేసుకుంటాయి.

చవక ఆయిల్ నిండా పోసి, ప్లగ్ లేకుండా ఓ ఇరవై ముప్పై కిక్కులు కొట్టి దించండి. తెల్లగా వస్తే ఇంకోసారి. మూడోసారి తేటగా వస్తే, కొత్త ప్లగ్, పొడి ఎయిర్ ఫిల్టర్, కొత్త పెట్రోల్ వేసి స్టార్ట్ చేయొచ్చు. ఐదు నిమిషాలు తిప్పి ఆపి, మూత తీసి చూడండి. తెల్లగా ఉంటే మళ్లీ మార్చాలి. సరిగ్గా ఉన్నా యాభై, వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఆయిల్ మార్చండి. బురద నీళ్లు చాంబర్‌లోకి పోయాయని తేలితే మాత్రం మీ అంతట మీరు స్టార్ట్ చేయకండి. ఆ ఇసుక బేరింగుల్లో ఉంటుంది, క్లచ్ కవర్ విప్పి కడగాల్సిందే.

ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ ఉన్నవాళ్లకు

ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ బండికి పైన కలిసే 2టీ ఆయిల్ వేరు, కింద గేర్‌బాక్స్ ఆయిల్ వేరు. కాలిన ఆవిరి గేర్‌బాక్స్‌లోకి దిగే దారి లేదు కాబట్టి, దాని గేర్ ఆయిల్ తెల్లబడితే "దగ్గర దగ్గర తిరిగాను, అందుకే" అని సరిపెట్టుకోకండి. చాలాసార్లు బయటి నీళ్లే. గేర్‌బాక్స్ బ్రీదర్, ఆయిల్ మూత రింగ్, క్లచ్ కవర్ ప్యాకింగ్ వరసగా చూడండి. సర్వీసింగ్ చేయించిన రెండు మూడు రోజులకే తెల్లబడితే దొంగ దొరికినట్టే.

పాత ఇనుప బోర్ బుల్లెట్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్, చైన్ కేస్ మూడింటికీ ఆయిల్ వేర్వేరు. ఏది తెల్లబడిందో అదే మార్చండి, మూడూ కలిపి మార్చమంటే ఎందుకని అడగండి. ఇంజిన్ బ్రీదర్ దగ్గర బాతు ముక్కు లాంటి రబ్బరు వాల్వ్ ఉంటుంది. లోపలి గాలిని బయటికి వదులుతుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు. అది ఎండి నోరు తెరుచుకుంటే వానాకాలం తేమ గాలి లోపలికి వస్తుంది. బ్రీదర్ పైపు చివర కొంచెం మీగడ రావడం మాత్రం బుల్లెట్‌కు మామూలే, అది లోపలి చెమ్మ బయటికి పోతోందనడానికి గుర్తు.

వానలు మొదలయ్యే ముందు

రోహిణి కార్తె ఎండలు తగ్గే లోపు ఓ-రింగులు, ట్యాపెట్ మూతల రింగులు, బ్రీదర్ పైపు చూసుకోండి. మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ఆయిల్ మూత, బ్రీదర్, సైలెన్సర్ మూతి వైపు ప్రెషర్ పైపు పెట్టొద్దని ముందే చెప్పండి. నేనైతే ఇంట్లో బకెట్ నీళ్లు, గుడ్డతోనే కడుగుతున్నాను. బండిని ప్లాస్టిక్ పట్టాతో నేల దాకా చుట్టేసి ఉంచకండి, నేల చెమ్మ లోపలే ఉండిపోతుంది. పైన కప్పి, కింద గాలి ఆడేలా వదలండి.

తక్కువ తిరిగే బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. మీటర్ ఎంత చూపించినా, వానాకాలం అయిపోగానే ఒకసారి ఆయిల్ మార్చండి. దించిన ఆయిల్‌ను మోరీలో పోయకండి, డబ్బాలో పట్టి పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇవ్వండి. మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి సైడ్ డోర్ లోపల అంటించుకోండి.

మా ఇంటి ముందు స్ప్లెండర్ ఇప్పటికీ ఉంది. మార్గశిరం పొద్దున్నే మంచు పట్టిన రోజుల్లో మూత మరల మీద దారం అంత తెల్ల గీత ఇప్పటికీ కనిపిస్తుంది. బనీను గుడ్డతో తుడిచేసి, ఆ ఆదివారం ములుగు దాకా పోయి వస్తాను.